అలంగ్ అంగళ్లలో ఊపిరి బేరం

సూరత్ సముద్రం మీద బతికిన నగరం. అయినా ఆ సముద్రంలో మునిగి అడుగు చూసినవారు అక్కడ బహు అరుదు. 1608లో విలియం హాకిన్స్ 'హెక్టర్' అనే ఓడ మీద వచ్చి తాపీ నది ముఖద్వారం దగ్గర లంగరు దించేనాటికి మొగల్ సామ్రాజ్యపు ప్రధాన రేవు ఇదే. మక్కా యాత్రికులు ఓడలెక్కింది ఇక్కడే. నది మేటలు వేయడం వల్ల పెద్ద ఓడలు నగరం దాకా రాలేక సువాలీ ముందు సముద్రంలోనే ఆగిపోయేవి. 1612లో ఆంగ్లేయులూ పోర్చుగీసులూ ఫిరంగులు పేల్చుకున్నది ఆ సువాలీ ఎదుటనే. నేడు అక్కడికి జనం షికారుకు పోతారు. కాస్త ఇటుగా ఉన్న డుమాస్‌లో నల్లని ఇసుక ఒడ్డున వేడివేడి టమాటా బజ్జీలు తింటారు. నీళ్లలో మోకాలి లోతున నిలబడి కిందికి చూస్తే తమ పాదాలు తమకే కనిపించవు.

కారణం ఖంభాత్ సింధుశాఖ స్వభావం. గరాటులా లోపలికి ఇరుకయ్యే ఈ జలభాగంలోకి తాపీ, నర్మద, మహి, సాబర్మతి నదులు ఒండ్రు మోసుకొస్తాయి. పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టంలో పది మీటర్ల దాకా తేడా ఉంటుంది. రోజుకు రెండుసార్లు అంత నీరు లోపలికి ఉరికి, మళ్లీ వెనక్కు పరుగెత్తుతుంటే ఒండ్రు అడుగున నిలిచే సావకాశం ఏది? ఈ సింధుశాఖ అడుగున ప్రాచీన కట్టడాల వంటి ఆకృతులు ఉన్నాయని 2001లో ప్రకటన వెలువడి, పండితుల నడుమ పెద్ద వాదానికి దారితీసింది. అప్పుడు చూపిన ఆధారం కూడా శబ్దతరంగాలతో తీసిన సోనార్ చిత్రాలే. కంటితో చూసి రావడానికి ఆ నీరు ఒప్పుకోదు.

కాబట్టి సూరత్ యువకుడికి స్కూబా మీద మనసైతే గోవాకో, కర్ణాటకలోని నేత్రాణి దీవికో, అండమాన్‌కో, సౌరాష్ట్ర పడమటి కొసన ద్వారక దగ్గరి శివరాజ్‌పూర్‌కో పోయి నేర్చుకు వస్తాడు. వచ్చాక సొంత సామగ్రి కావాలనిపిస్తుంది. ఈ సామగ్రిలో అధికభాగం విదేశాల్లో తయారైనదే. ధరకు సుంకం తోడవుతుంది. నాలుగైదు అంగళ్లు తిరిగి, ధరలు విని, అతడు చివరకు వేసే ప్రశ్న ఒక్కటే: పాతది దొరుకుతుందా?

ఈ ప్రశ్న సరదారాయుళ్లకే పరిమితమనుకుంటే పొరపాటు. నదుల్లో, చెరువుల్లో గల్లంతైనవారి కోసం గాలించే చిన్న బృందాలు దేశమంతటా ఉన్నాయి. తెలుగునాట వారిని గజ ఈతగాళ్లంటారు. గుండెబలమూ, ఒక తాడూ తప్ప మరో సాధనం వారిలో చాలామందికి ఉండదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ' పడవ మునిగినప్పుడు, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు పట్టుకుని వారాల తరబడి శ్రమించింది. విశాఖపట్నం నుంచి ఊపిరి సాధనాలతో వచ్చిన డైవర్లు సాయపడ్డారు. అక్టోబరు 22న పడవ గట్టుకు చేరింది. అటువంటి బృందం ఒకటి చందాలు పోగుచేసుకుని పాత సిలిండరు కొనాలనుకోవడంలో వింత లేదు. ఆ సిలిండరు ఎటువంటిదో తేల్చుకోగలరా అన్నదే ప్రశ్న.

పాత సరుకు బేరంలో సూరత్‌ది ఆరితేరిన చెయ్యి. ఉధనా, లింబాయత్ వీధుల్లో పవర్‌లూమ్ షెడ్ల నుంచి మగ్గాల చప్పుడు వినవచ్చేచోట తెలుగు మాటలూ వినవస్తాయి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు ప్రవేశించాక పాత షటిల్ మగ్గాలు తూకం లెక్కన పాత ఇనుము కొట్లకు తరలిపోయాయి. విదేశాల్లో కొన్నేళ్లు నడిచిన యంత్రాలు ఇక్కడ కొత్త యజమానిని చూసుకున్నాయి. పాత మగ్గాన్ని కొనేవాడు దాన్ని ఆడించి చూస్తాడు, అరిగిన పళ్ల చక్రాన్ని వేలితో తడుముతాడు, చెవి ఒగ్గి చప్పుడు వింటాడు. లోపం ఉంటే మహా అయితే పోగు తెగుతుంది, గుడ్డ పాడవుతుంది. మగ్గం తన జబ్బును దాచుకోదు. ఊపిరి సిలిండరు అలా కాదు. అది ఎంత జబ్బుదైనా మౌనంగానే ఉంటుంది.

ఓడల పాత సామాను కావలసిన సూరత్‌వాసి చూపు సహజంగా సింధుశాఖ ఆవలి ఒడ్డుకు మళ్లుతుంది. అక్కడ అలంగ్ ఉంది.

భూమార్గాన పోతే సింధుశాఖను చుట్టి రావాలి. భావ్‌నగర్ వైపు దాదాపు 370 కిలోమీటర్లు. సముద్రం మీదుగా అయితే 90 మాత్రమే. 2020 నవంబరు 8న హజీరా, ఘోఘా రేవుల నడుమ వాహనాలతో సహా మనుషులను దాటించే ఓడ ప్రారంభమైంది. ఒక పూట పట్టే ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది. హజీరాలో కర్మాగారాల పొగగొట్టాలను వెనక వదిలి ఓడ బయలుదేరితే చుట్టూ ఉన్నది నీలం సముద్రం కానే కాదు, పాలు తక్కువైన టీ రంగు నీరు. లారీ డ్రైవర్లు కింది అంతస్తులో తమ బండ్లను కట్టేసి పైకి వచ్చి కునుకు తీస్తారు. కుటుంబాలు థెప్లా పొట్లాలు విప్పుతాయి.

ఘోఘాలో దిగి దక్షిణంగా సాగితే అలంగ్. భావ్‌నగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. 1983 ఫిబ్రవరిలో 'కోటా టెంజాంగ్' అనే ఓడను ఈ ఒడ్డుకెక్కించడంతో అలంగ్ కథ మొదలైంది. సూరత్‌ను డైవర్లకు దూరం చేసిన ఆటుపోట్లే అలంగ్‌కు అన్నం పెట్టాయి. అమావాస్యకో పున్నమికో పోటు పూర్తిగా ఎక్కినవేళ ఓడను పూర్తి వేగంతో ఒడ్డుకు తోలతారు. నీరు తీయగానే అది బురదలో కూర్చుంటుంది. దాన్ని పట్టి ఉంచడానికి రేవు గోడ అక్కరలేదు. ఆ తర్వాత గ్యాస్ కట్టర్లు పట్టిన కూలీలు, చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌లవారు, దాన్ని ముక్కలు చేస్తారు. 2011-12లో ఒక్క ఏడాదిలోనే నాలుగు వందలకు పైగా ఓడలు ఇక్కడికి వచ్చాయి. 1989లో అలాస్కా తీరాన్ని చమురుతో ముంచిన 'ఎక్సాన్ వాల్డెజ్' వేరే పేరుతో 2012లో ఇక్కడికే చేరింది. 2020లో మన విమానవాహక నౌక 'విరాట్' కూడా. ఆ కూలీల ప్రాణాలకు కలిగిన ముప్పు గురించి దశాబ్దాలుగా విమర్శలు వచ్చాయి. ఓడల రీసైక్లింగ్ చట్టం 2019లో వచ్చింది. హాంకాంగ్ ఒడంబడిక 2025 జూన్ 26 నుంచి అంతర్జాతీయంగా అమలులోకి వచ్చింది. అది వేరే వ్యాసం కాగల విషయం.

ఇక్కడ ఒక చిన్న వైపరీత్యం గుర్తుకు రాక మానదు. ఓడలు కట్టడంలో పేరొందిన వాడియా కుటుంబం సూరత్‌దే. లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా 1736లో బొంబాయికి వెళ్లాడు. ఆ వంశంవారు మలబారు టేకుతో బొంబాయిలో కట్టి 1817లో నీటిలోకి దింపిన 'ట్రింకోమలీ' ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతూనే ఉంది. అలంగ్‌కు వచ్చే ఉక్కు ఓడలకు సాధారణంగా పాతికేళ్లకు, ముప్పయ్యేళ్లకు ఆయువు మూడుతుంది.

ఓడ ఉక్కు సిహోర్ తదితర చోట్ల రోలింగ్ మిల్లులకు పోయి ఇళ్ల కడ్డీలుగా మారుతుంది. ఉక్కు కాని సమస్తమూ త్రాపజ్ నుంచి అలంగ్‌కు పోయే దారికి రెండు వైపులా అంగళ్లలో పరచుకుంటుంది. ఆ అంగళ్లను అక్కడివారు ఖాడాలంటారు. ఒకదానిలో మంచాలూ పరుపులూ, మరొకదానిలో హోటలు వంటగదికి సరిపడే స్టీలు పాత్రలు, ఇంకొకదానిలో పింగాణీ సామాను. ఆ పక్కన పొడవాటి తాళ్ల చుట్టలు, ఇత్తడి గంటలు, వ్యాయామ యంత్రాలు, పియానో సైతం. నారింజరంగు ప్రాణరక్షక పడవలు ఆరుబయట బోర్లాపడి ఉంటాయి. పడవ మీద ఓడ పేరూ, దాని సొంత రేవు పేరూ ఇంకా చెరగవు. గృహస్థులు దూరాల నుంచి వచ్చి సోఫాలు కొనుక్కుపోతారు. వాటిలో మోసపోతే పోయేది డబ్బు మాత్రమే.

అటువంటి అంగడి మూలన, లైఫ్‌జాకెట్ల గుట్ట పక్కన పసుపుపచ్చని సిలిండర్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. వీపుకు తగిలించుకునే పట్టీలు, నల్లని రబ్బరు గొట్టం, ముఖమంతా కప్పే ముసుగు. సినిమాల్లో చూసిన డైవరు సాధనాలన్నీ అక్కడే ఉన్నట్టు తోస్తుంది. సూరత్ నుంచి వచ్చినవాడి కళ్లు మెరుస్తాయి. అపాయం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

సరుకు ఓడలో మునిగేవారు ఉండరు. ఆ సిలిండర్లు మంటలార్పేవారివి. 1912లో 'టైటానిక్' మునిగిన దరిమిలా పుట్టిన అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒడంబడిక ప్రకారం ప్రతి ఓడలోనూ కనీసం రెండు అగ్నిమాపక దుస్తుల జతలుండాలి. వాటితోపాటే పొగలో ఊపిరి పీల్చుకునే సాధనం. దానిలో ఉండవలసిన గాలి కనీసం 1200 లీటర్లు, అంటే అరగంట పని. పొగ నిండిన గది నుంచి పారిపోవడానికి ఉద్దేశించిన సంచీ వంటి మరో సాధనం ఉంటుంది. అది పది నిమిషాలకే. చలినీటిలో పడ్డవారు తొడుక్కునే ఎర్రని మందపాటి దుస్తులు కూడా ఉంటాయి. వాటిని డైవింగ్ దుస్తులుగా భ్రమించడం సులువు. నిజానికి అవి మనిషిని తేల్చడానికి కుట్టినవి, మునగనివ్వవు.

పొగలో వాడే ముసుగులోకి గాలి బయటి పీడనం కంటె కొద్దిపాటి ఒత్తిడితో వస్తూంటుంది, పొగ లోపలికి చొరకుండా. దానిని నీటి అడుగున వాడేందుకు రూపొందించలేదు. కవాటంలోకి నీరు చొరవచ్చు, ముసుగు నిండవచ్చు, గాలి అదుపు తప్పి పోయి సిలిండరు క్షణాల్లో ఖాళీ కావచ్చు. అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకున్నా లెక్క అడ్డం వస్తుంది. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనం. ఇరవై మీటర్ల లోతున మనిషి పీల్చే ప్రతి ఊపిరికీ ఉపరితలం మీదకంటె మూడింతల గాలి ఖర్చవుతుంది. ఓడ మీద అరగంటకు సరిపడే 1200 లీటర్లు అక్కడ పది నిమిషాలకు చాలితే గొప్ప. స్కూబా సిలిండరులో సాధారణంగా దానికి రెట్టింపు గాలి ఉంటుంది. 12 లీటర్ల పరిమాణం, 200 బార్ల పీడనం. అంటే 2400 లీటర్లు.

తమాషా ఏమిటంటే, స్కూబా రెగ్యులేటరే మొదట మరో యంత్రానికి చెందిన భాగం. యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడిపేవారు. ఇంజను కోరినంత గ్యాసే అందించే కవాటాన్ని ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. నావికాధికారి జాక్ కూస్తో అతడిని కలిశాక 1943లో అది మనిషి ఊపిరితిత్తులకు అమరింది. అయితే వారు దానిని మార్చి, పరీక్షించి, మళ్లీ మార్చి వాడారు. మార్చకుండా వాడదగునని అంగడివాడు చెప్పే మాటకూ దీనికీ పోలిక లేదు.

అరుదుగానైనా అలంగ్‌కు అసలు డైవింగ్ సామగ్రి రాదని కాదు. చమురు క్షేత్రాల్లో పనిచేసే సహాయక ఓడల్లోనూ, విహారనౌకల్లోనూ అది ఉండవచ్చు. అప్పుడు చూడవలసింది సిలిండరు మెడ. అక్కడ లోహంలో చెక్కిన అంకెలుంటాయి: తయారైన నెల, సంవత్సరం, వరుస సంఖ్య, ఖాళీ బరువు, నీటి పరిమాణం, పనిచేసే పీడనం, పరీక్షా పీడనం, పరీక్షించిన తేదీలు. మనిషికి జాతకం ఎలాగో సిలిండరుకు ఇది అలాగు. ఒక తేడా ఉంది, ఇందులో రాసినది జరిగిపోయిన సంగతి. రంగు కొత్తగా వేసి ఉండి, అంకెలు రంగుకింద పూడిపోయి ఉంటే అది మెరుగు కాదు, అనుమానం.

పరీక్ష అంటే ఏమిటో తెలిస్తే ఆ తేదీల విలువ తెలుస్తుంది. సిలిండరును నీటితో నింపి, పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లో, ఇంకాస్త ఎక్కువో ఒత్తిడి పెడతారు. లోహం ఎంత ఉబ్బింది, ఒత్తిడి తీశాక పూర్వరూపానికి ఎంత వచ్చింది కొలుస్తారు. నీరెందుకంటే, అది దాదాపు కుదించుకుపోదు. సిలిండరు పగిలినా నీరు చిమ్మి ఊరుకుంటుంది. అదే గాలితో పరీక్షిస్తే గది కప్పు ఎగిరిపోతుంది. ఈ పరీక్ష సాధారణంగా ఐదేళ్లకొకసారి. లోపలి భాగాన్ని దీపం వేసి చూడడం అంతకంటె తరచుగా జరగాలి.

ఉక్కు సిలిండరులో కాస్త నీరు చేరితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినడమే. ఏళ్ల తరబడి మూలనపడిన సిలిండరులో గేజీ నిండుగా చూపినా, లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గిపోయి ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి ఉక్కిరిబిక్కిరి అయిన స్పృహ కూడా కలగకుండానే తెలివి తప్పుతుంది. అల్యూమినియానిది వేరే జబ్బు. అమెరికాలో 1988కి ముందు తయారైన అల్యూమినియం సిలిండర్లలో చాలావరకు 6351 అనే మిశ్రలోహంతో చేసినవి. వాటిలో కొన్ని మెడ దగ్గర సన్నని పగుళ్లు తీసి, నింపుతుండగా పేలిన సందర్భాలున్నాయి. ఆ పగులును పట్టుకోవడానికి ప్రత్యేకమైన విద్యుత్ పరీక్ష కావాలి. ఓడలు పాతికేళ్లకు పైబడి వస్తాయన్న సంగతి ఇక్కడ మరోసారి గుర్తు చేసుకోవాలి.

రెగ్యులేటరు చిన్న వస్తువు, కాని లోపల లోకమంత పని ఉంది. 200 బార్ల గాలిని మొదటి అంచె సుమారు పది బార్లకు దించితే, నోటి దగ్గరి రెండవ అంచె దానిని ఊపిరికి సరిపడా చేస్తుంది. ఈ పని చేసేవి రబ్బరు పొరలు, వలయాలు, సన్నని స్ప్రింగులు. రబ్బరుకు ఉప్పూ, ఎండా, వయసూ పగవాళ్లే. ఏటేటా విప్పి, కడిగి, రబ్బరు భాగాలు మార్చవలసిన వస్తువిది. ఆ తయారీదారు ఆ నమూనాకు విడిభాగాలు ఇవ్వడం మానేసి ఉంటే, ఎంత మిలమిలలాడినా అది పూత వేసిన ఇత్తడి ముద్దే. ఇటువంటిది నీటిమీద బాగానే పలుకుతుంది. నోట పెట్టుకుని నాలుగుసార్లు పీల్చి సంతోషించడం ఏ పరీక్షా కాదు.

ఇక చట్టం. మన దేశంలో గ్యాస్ సిలిండర్ల మీద అధికారం పేలుడు పదార్థాల భద్రతా సంస్థది. దాని చీఫ్ కంట్రోలర్ ఆమోదం లేని సిలిండరులో గ్యాసు నింపకూడదు. విదేశీ ఓడ నుంచి దిగిన సిలిండరుకు ఆ ఆమోదం ఎక్కడిది? అంటే బేరం కుదిరి ఇంటికి తెచ్చుకున్నా నియమం పాటించే కేంద్రం దానిని నింపదు. నింపేవాడు దొరికాడంటే అతడు నియమం పాటించనివాడని అర్థం. అతడి కంప్రెసరులో ఏ నూనె కాలుతోందో, ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతో ఎవరు చూస్తారు? వెల్డింగు ఆక్సిజన్‌తో నింపుకోవచ్చునని సలహా చెప్పే మేధావులు కూడా లేకపోలేదు. శుద్ధ ఆక్సిజన్ ఆరు మీటర్ల లోతు దాటితే మూర్ఛ తెప్పించగలదు. నూనె మరక తగిలితే నింపేటప్పుడే నిప్పు రేగగలదు.

అంగడివాడిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అతడు వేలంలో గుట్టగా కొన్నాడు, గుట్టలోంచి అమ్ముతాడు. ఓడ సముద్రం మీద ఉన్నంతకాలం ఆ సిలిండరుతోపాటు ఒక దస్త్రం ఉండేది: ఏనాడు పరీక్షించారు, ఎవరు సంతకం చేశారు, ఏ భాగం మార్చారు. ఓడ బురదలో కూర్చున్నాక సిలిండరు ఒక లారీలో, కాగితాలు మరో లారీలో పోయాయి. కాగితం ఉన్నప్పుడు అది ప్రాణరక్షణ సాధనం. విడిపోయాక పద్నాలుగు పదిహేను కిలోల ఉక్కు. చూడగా అంగడివాడు దానికి తూకం లెక్కన ధర చెప్పడమే నిజాయితీ అనిపిస్తుంది.

తెలిసిన డైవర్లు పాతది అసలు కొననే కొనరా అంటే, కొంటారు. అయితే వస్తువును కొనే ముందు మనిషిని చూస్తారు. శిక్షణ కేంద్రాలు రెండు మూడేళ్లకు సామగ్రి మార్చుకునేటప్పుడు అమ్మేసేవాటికి సర్వీసు చీటీలుంటాయి, అడిగితే చెప్పే మనుషులుంటారు. ఈదే రెక్కలూ, నీళ్లద్దాలూ, బూట్లూ పాతవైనా భయం లేదు. పాడైతే చిరాకు పెడతాయి, చంపవు. తేలేందుకు తొడుక్కునే గాలి జాకెట్టును నిండా ఊది, ఒక రాత్రి వదిలేసి, తెల్లారి బిగువు చూస్తారు. తలకిందులు చేసి విదిలిస్తే లోపల ఎండిన ఉప్పు గలగలలాడుతుందేమో వింటారు. రెగ్యులేటరు పాతది కొంటే కొన్న ధరతోపాటు పూర్తి సర్వీసు ఖర్చు కూడా ఆనాడే లెక్కవేస్తారు. చాలాసార్లు ఆ రెండూ కలిసి కొత్తదాని ధరకు దగ్గర పడతాయి. సిలిండరు మాత్రం సొంతానికి కొనరు, డైవింగుకు వెళ్లినచోట అద్దెకు తీసుకుంటారు. పరీక్షించే బాధ్యత నింపేవాడిదే అవుతుంది.

ఈ లెక్కలన్నీ తెలిసి అలంగ్‌కు పోయినవాడికి ఆ దారి నిరాశ కలిగించదు. నాణ్యమైన తాడు దొరుకుతుంది, సామాను మోసే వాటర్‌ప్రూఫ్ పెట్టెలు దొరుకుతాయి, సరిగా చూసుకుంటే మంచి టార్చి దొరకవచ్చు. సాయంత్రం ఘోఘా రేవులో తిరుగు ఓడ కోసం నిలబడ్డ వాహనాల్లో సోఫాల కాళ్లు, చుట్టచుట్టిన తివాచీలు, పింగాణీ పళ్లేల పెట్టెలు కనిపిస్తాయి. అమ్ముడుపోని పసుపు సిలిండర్లను ఖాడా కూలీ ఒక్కొక్కటిగా కవాటం విప్పి, మిగిలిన గాలి బుస్సుమని బయటికి పోనిచ్చి, ఇత్తడి ఒక వైపూ ఉక్కు మరో వైపూ పడేస్తాడు. సిహోర్ లారీ రావడానికి ఇంకా వేళ ఉంటుంది.